ఇంట గెలిచిన మాట

“ఇంట గెలిచి రచ్చ గెలవాలి” అని తెలుగువారి సామెత. రచ్చ అంటే నలుగురూ కూడే చోటు. ఊరి నడుమ చెట్టు కింద కట్టిన అరుగు మీద పెద్దలు కూర్చుని మంచిచెడ్డలు విచారించేవారు. అక్కడ లేచి నిలబడి, తడబడకుండా తన మాట చెప్పి, పదిమందిచేత ఔననిపించుకోవడం సామాన్యమైన పని కాదు. ఆ పనికి కావలసిన సాధన ఎక్కడో కాదు, ఇంటిలోనే మొదలు కావాలని సామెత చెబుతున్నది. లోకులు దీనిని పలుకుబడికి, అధికారానికి మాత్రమే అన్వయిస్తారు. కాని విద్యకు అన్వయించి చూస్తే ఈ సామెతలో మరింత లోతైన అర్థం కనిపిస్తుంది.

బడికి పంపక పిల్లలను ఇంటివద్దనే చదివించుకుంటున్న ఒక కుటుంబాన్ని ఊహించవచ్చు. సాయంకాలం దీపాలు పెట్టిన తరువాత ఇంటిల్లిపాదీ వసారాలో చేరుతారు. ఆనాడు తాను నేర్చుకున్నది పదేళ్ల బాలిక లేచి నిలబడి చెప్పాలి. అది ఆ ఇంటి నియమం. చీమలు బారులు తీరి ఎందుకు నడుస్తాయో ఆమె చెబుతుంది. ఆహారం దొరికిన చీమ తిరిగి వస్తూ దారి పొడుగునా ఒక రకమైన వాసన పదార్థాన్ని వదులుతుందనీ, తక్కిన చీమలు ఆ వాసనను పట్టుకుని నడుస్తాయనీ చేతులు తిప్పుతూ వివరిస్తుంది. అంతా విని అమ్మమ్మ ఒక ప్రశ్న వేస్తుంది: “వాన కురిస్తే ఆ వాసన కొట్టుకుపోతుంది కదే, అప్పుడు వాటికి దారి ఎట్లా తెలుస్తుంది?” బాలిక నోట మాట ఆగిపోతుంది. పుస్తకంలో ఆ సంగతి లేదు. కొంచెంసేపు నేల చూపులు చూసి, “రేపు చూసి చెబుతాను అమ్మమ్మా!” అంటుంది.

ఆ చిన్న సభలో ఆనాటి అసలైన పాఠం అదే. తనకు తెలిసింది ఎంతో, తెలియనిది ఎంతో ఆ బాలికకు నోరు విప్పినప్పుడే తేటపడింది. మౌనంగా పుస్తకం చదివి మూసివేసి ఉంటే చీమల సంగతి తనకు పూర్తిగా తెలుసుననే ఆమె అనుకొని ఉండేది.

మన దేశంలో ఇంటి చదువును ఎంచుకున్న కుటుంబాలు నేటికీ కొద్దిగానే ఉన్నాయి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసిన చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. బడి ప్రతి బిడ్డకూ అందాలన్నది దాని ఆశయం. మరోవైపు జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యాసంస్థ వంటివి, నిత్యం తరగతికి వెళ్లనివారు కూడా పదవ తరగతి, ఇంటర్మీడియట్ స్థాయి పరీక్షలు రాసే వీలు కల్పిస్తున్నాయి. బడి మేలా, ఇల్లు మేలా అన్న వివాదం ఇక్కడ అవసరం లేదు. ఇంటి చదువును గురించి లోకం వేసే ఒక ప్రశ్న మాత్రం విచారించదగినది. తోటి విద్యార్థులు లేక, వేదిక లేక, వార్షికోత్సవాలు లేక నాలుగు గోడల మధ్య పెరిగిన బిడ్డ రేపు నలుగురిలో నోరు విప్పగలడా? ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో వెదకవచ్చు.

తెలుగు ఇండ్లలో పాఠం చదవడం వేరు, అప్పజెప్పడం వేరు. సంధ్యవేళ కాళ్లు చేతులు కడుక్కుని తాతగారి ఎదుట నిలబడి ఎక్కాలు, తిథులు, నక్షత్రాలు, శతక పద్యాలు అప్పజెప్పిన తరాలు ఎన్నో ఉన్నాయి. ఒకరు తన వద్ద ఉంచిన సొత్తును తిరిగి వారికి అప్పగించినట్లు, గురువు ఇచ్చిన పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా తిరిగి ఇవ్వడమే అప్పజెప్పడం. ఇందువల్ల ధారణ పెరుగుతుంది, ఉచ్చారణ స్పష్టమవుతుంది. అయితే అప్పజెప్పడం దగ్గరే ఆగిపోతే బిడ్డ చిలుక అవుతాడు. నేర్చుకున్నదానిని తన మాటలలో, ఎదుటివారికి అర్థమయ్యేట్లు చెప్పడం దానికి పై మెట్టు. ఈ మెట్టు ఎక్కిన ఒక బాలుని కథ కలకత్తాలోని జొరాసాంకో భవనంలో జరిగింది.

రవీంద్రనాథ టాగూరు 1861లో జన్మించాడు. బాల్యంలో ఆయన కొన్ని పాఠశాలలు మారాడే గాని ఏ పాఠశాలలోనూ మనసు నిలుపలేకపోయాడు. ఆయన అసలు చదువు ఇంటివద్దనే, అన్నగారైన హేమేంద్రనాథుని పర్యవేక్షణలో సాగింది. తెల్లవారకముందే కుస్తీ, తరువాత గణితం, చరిత్ర, భూగోళం, సాయంత్రం చిత్రలేఖనం, రాత్రి ఇంగ్లీషు. రాత్రి పాఠం వేళకు బాలుడు కునికిపాట్లు పడేవాడు. ఆదివారాలలో ఒక ఉపాధ్యాయుడు వచ్చి ప్రయోగాలతో విజ్ఞానశాస్త్రం చెప్పేవాడు. గాజుపాత్రలోని నీటిలో రంపపు పొట్టు వేసి కింద మంట పెడితే, వేడెక్కిన నీరు పైకి, చల్లని నీరు కిందికి ప్రవహించడం పొట్టు కదలికలో కనిపించేది. ఆ ఉపాధ్యాయుడు రాని ఆదివారం బాలునికి ఆదివారమే కాదనిపించేది.

చదువుకు కొదువ లేదు గాని, ఆ చదువును పంచుకునే మనిషి కరువయ్యాడు. అంత పెద్ద ఇంటిలో చిన్న పిల్లలు ఎక్కువగా నౌకర్ల ఏలుబడిలో పెరిగేవారు. అంతఃపురంలోని తల్లి శారదాదేవి సన్నిధి ఆ బాలునికి దూరంగా ఉండేది.

1873లో ఉపనయనమైన తరువాత తండ్రి దేవేంద్రనాథుడు హిమాలయాలకు వెళుతూ పన్నెండేళ్లు నిండని ఈ కుమారుని వెంట తీసుకుని వెళ్లాడు. బోల్‌పూర్, అమృత్‌సర్ మీదుగా వారు డల్హౌసీ కొండలకు చేరుకున్నారు. అక్కడ తండ్రే గురువు. సూర్యోదయానికి ముందే, వణికించే చలిలో కుమారుని నిద్రలేపి సంస్కృత శబ్దాలు వల్లె వేయించేవాడు. పగలు ఇంగ్లీషు పాఠం. చీకటి పడ్డాక ఆకాశంలో ఒక్కొక్క నక్షత్రాన్నీ చూపి దాని సంగతులు చెప్పేవాడు. కొన్ని నెలల తరువాత బాలుడు కొత్త జ్ఞానంతో ఇల్లు చేరాడు. అంతవరకు మూసి ఉన్న అంతఃపుర ద్వారాలు అతనికి తెరుచుకున్నాయి.

సాయంకాలం మేడ మీద తల్లి చుట్టూ ఇంటి స్త్రీలు చేరేవారు. ఆ ఆరుబయలు సభలో ఇక రవి ప్రధాన వక్త. సూర్యుడు భూమికంటె ఎన్ని రెట్లు పెద్దవాడో, శని గ్రహం చుట్టూ ఎన్ని చంద్రులున్నవో చెప్పి వారిని ఆశ్చర్యపరిచేవాడు. తండ్రి పరిచారకుని వద్ద నేర్చుకున్న జానపద గేయాలు పాడేవాడు. సూర్యచంద్రుల సంగతులకంటె ఆ పాటలకే ఎక్కువ మెప్పు వచ్చిందని తరువాతి కాలంలో ఆయనే తన స్మృతులలో చిరునవ్వుతో రాసుకున్నాడు. శ్రోతల మనసెరిగి మాట్లాడడమన్న వక్తృత్వ రహస్యం ఆయనకు మొదట తెలిసింది ఆ మేడమీదనే కావచ్చు.

ఒకనాడు ఆ సభలోనే ఆయనకు కఠిన పరీక్ష ఎదురయింది. ఇంటిలో తక్కినవారు చదివేది కృత్తివాసుని వంగ రామాయణం. తమ రవి వాల్మీకి మూలాన్నే చదివి వచ్చాడని తెలిసి తల్లి పొంగిపోయింది, చదివి వినిపించమన్నది. నిజానికి అతడు చదివింది సంస్కృత వాచకంలోని ఒక చిన్న భాగమే. అదైనా సగం మరిచిపోయాడు. ఆ మాట ఆనందంతో వెలుగుతున్న తల్లి ముఖం చూసి చెప్పలేకపోయాడు. చదువుతూ, తోచిన అర్థం చెప్పుకుంటూ పోయాడు. వాల్మీకి చెప్పింది ఒకటి, రవి చెప్పింది మరొకటి. తల్లి ఆనందం అక్కడితో ఆగలేదు. ఈ వింతను పెద్దకొడుకు ద్విజేంద్రనాథుడు కూడా వినవలసిందేనని కబురు పంపింది. ద్విజేంద్రనాథుడు కవి, తత్త్వవేత్త, సంస్కృతం బాగా తెలిసినవాడు. రవి గుండె దడదడలాడింది. ఎన్ని సాకులు చెప్పినా తల్లి వినలేదు. అన్నగారు వచ్చాడు. ఏదో తన రచనా వ్యాసంగపు ధ్యాసలో ఉన్నాడు గనుక అర్థం చెప్పేదాకా ఆగలేదు. నాలుగు శ్లోకాలు విని, చాలా బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. తమ్ముని గుట్టు బయటపడలేదు.

ఈ సంఘటనను రవీంద్రుడు దాచుకోలేదు. తరువాతి కాలంలో తానే గ్రంథస్థం చేశాడు. తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పినప్పుడు మనసు పడే బాధ ఎటువంటిదో ఆ సాయంకాలం ఆ బాలునికి తెలిసింది. ఎవరూ దండించలేదు, ఎవరూ నవ్వలేదు. అయినా అది జన్మంతా జ్ఞాపకం ఉండిపోయింది.

ఆ మేడమీది సభ ఎక్కువకాలం సాగలేదు. 1875 ఆరంభంలో కలకత్తాలో జరిగిన హిందూమేళాలో పదమూడేళ్ల రవీంద్రుడు తాను రచించిన కవితను జనసమూహం ఎదుట చదివాడు. ఇంట గెలిచిన మాట రచ్చకెక్కిన సందర్భమది. అదే సంవత్సరం మార్చి నెలలో శారదాదేవి కన్నుమూసింది. కుమారుని మొదటి శ్రోత కుమారుని కీర్తిని చూడలేదు. ఆయన 1913లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1919లో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి జనగణమన గీతాన్ని ఆలపించాడు, దానిని ఇంగ్లీషులోకి అనువదించాడు. 1930లో ఆక్స్‌ఫర్డ్‌లో, 1933లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉపన్యసించాడు. తల్లికి చెప్పిన నక్షత్రాల కథ మాత్రం ఆయనను విడిచిపోలేదు. 1937లో, డెబ్బై ఆరేళ్ల వయసులో, సామాన్యులకు అర్థమయ్యే భాషలో ‘విశ్వపరిచయ్’ అనే విజ్ఞాన గ్రంథాన్ని రచించి భౌతికశాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోసుకు అంకితమిచ్చాడు. రంపపు పొట్టు ప్రయోగాన్నీ, డల్హౌసీ కొండల మీద తండ్రి చూపిన తారలనూ ఆ గ్రంథపు తొలి పలుకులలో స్మరించుకున్నాడు.

దీనికి భిన్నమైన మరొక ఇల్లు ఇంగ్లండులో ఉండేది. జాన్ స్టూవర్ట్ మిల్ 1806లో జన్మించాడు. ఆయన ఏ పాఠశాలకూ వెళ్లలేదు. ‘బ్రిటిష్ ఇండియా చరిత్ర’ రచించిన తండ్రి జేమ్స్ మిల్ ఒక్కడే ఆయనకు గురువు. మూడవ ఏట గ్రీకు, ఎనిమిదవ ఏట లాటిన్ మొదలయ్యాయి. ఉదయం వేళ తండ్రీకొడుకులు పచ్చని బాటల వెంట షికారు వెళ్లేవారు. ముందునాడు చదివిన చరిత్ర గ్రంథాల సారాంశాన్ని చిన్న చిన్న కాగితపు ముక్కల మీద రాసుకుని, వాటి ఆధారంతో ఆ కథనంతటినీ బాలుడు తండ్రికి చెబుతూ నడిచేవాడు. పైగా ఎనిమిదేళ్ల వయసు నుంచి తాను నేర్చుకున్నది చెల్లెళ్లకూ తమ్ములకూ నేర్పవలసి వచ్చేది. వారు పాఠం సరిగా అప్పజెప్పకపోతే ఆ తప్పు ఇతనిది. ఈ బరువు ఆయనకు ఇష్టం కాలేదు. అయినా, ఇతరులకు నేర్పడం వల్ల తన చదువు మరింత గట్టిపడిందని ఆయన తరువాత అంగీకరించాడు.

మిల్ పొందిన శిక్షణలో ఒక లోపం ఉంది. ప్లేటో, డెమోస్తనీస్ రచనలను తండ్రి బిగ్గరగా చదివించేవాడు. ఎక్కడ ఆపాలి, ఎక్కడ స్వరం ఎత్తాలి, ఎక్కడ దించాలి అనే నియమాలు వివరించేవాడు. తప్పితే గట్టిగా మందలించేవాడు. కాని ఏ ఒక్కనాడూ తాను స్వయంగా ఒక వాక్యం చదివి, ఇట్లా చదవాలి అని చూపలేదు. ఈ సంగతిని మిల్ తన ఆత్మకథలో బాధతోనే రాశాడు. ఆయన యౌవనంలో లండనులోని వాద సభలలో పాల్గొన్నాడు, 1865లో పార్లమెంటు సభ్యుడయ్యాడు, 1867లో స్త్రీలకు ఓటు హక్కు కావాలని అక్కడ వాదించాడు. అయినా తనకు ధారాళమైన వాగ్ధోరణి ఎన్నడూ అబ్బలేదనీ, జనం మాత్రం తన మాట విన్నారనీ చెప్పుకున్నాడు. 1826లో, ఇరవై ఏళ్ల ప్రాయంలో, ఆయన తీవ్రమైన మానసిక నైరాశ్యానికి లోనయ్యాడు. బుద్ధికి పదును పెట్టిన చదువు హృదయాన్ని ఎండగట్టిందని అప్పుడు ఆయనకు తోచింది. మనసులోని ఆ బాధ తండ్రితో చెప్పుకోలేకపోయాడు. రోజూ ఉదయం గ్రీకు చరిత్రనంతా చెప్పగలిగిన కొడుకు తన దుఃఖాన్ని మాత్రం అదే తండ్రికి చెప్పలేకపోవడం ఆలోచింపదగిన విషయం.

ఈ రెండు ఇండ్లనూ పక్కపక్కన ఉంచి చూడాలి. మేడ మీది తల్లి ప్రేమతో విన్నది, తప్పు పట్టలేదు. షికారులోని తండ్రి ప్రతి తప్పునూ పట్టాడు, మెప్పు మాట దాచుకున్నాడు. తల్లి చెవి బిడ్డకు ధైర్యమిచ్చింది గాని, తప్పును కప్పిపుచ్చుకునే అవకాశం కూడా ఇచ్చింది. తండ్రి చెవి కచ్చితత్వాన్నిచ్చింది గాని, మనసు విప్పే చనువును హరించింది. పూర్తి వక్త తయారు కావాలంటే ఈ రెండు చెవులూ కావాలి. “వాన కురిస్తే ఎట్లా?” అని అడిగిన అమ్మమ్మలో ఆ రెండూ ఉన్నాయి. ఆమె ప్రశ్నలో ఆసక్తి ఉంది, పరీక్ష ఉంది, ఎగతాళి మాత్రం లేదు.

ఇల్లు ఎంత మంచిదైనా అది తొలి మెట్టు మాత్రమే. ఇంటివారికి బిడ్డ మాట సగం చెప్పగానే అర్థమవుతుంది. తక్కిన సగం వారి ప్రేమే పూరిస్తుంది. అపరిచితులు అట్లా పూరించరు. కనుక ఇంటి చదువు చదివే పిల్లలు ఇరుగుపొరుగు ఎదుట, గ్రంథాలయంలో, ఊరి సభలలో మాట్లాడే అవకాశాలు వెదుక్కోవాలి. రాజమండ్రిలో 1909లో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం ఇందుకు నిదర్శనం. బోధన ఇంగ్లీషులో సాగడాన్ని నిరసించి ఆమె పన్నెండేళ్ల ప్రాయంలోనే బడి విడిచింది. తాను నేర్చుకున్న హిందీని తోటి స్త్రీలకు నేర్పడానికి రాజమండ్రిలో బాలికా హిందీ పాఠశాలను నెలకొల్పింది. 1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినప్పుడు ఆయన హిందీ ప్రసంగాన్ని నిండుసభలో తెలుగులోకి అనువదించి మెప్పు పొందింది. తరువాత పట్టుదలతో చదువు కొనసాగించి, ఎం.ఏ., న్యాయశాస్త్ర పట్టాలు సాధించి, రాజ్యాంగ సభలో సభ్యురాలై దేశానికి తన వాణి వినిపించింది. బడి విడిచినా ఆమె చదువు విడువలేదు. నేర్చినది తనలోనే దాచుకోలేదు.

నేటి విద్యార్థులలో పుటల కొద్దీ జవాబులు రాయగలిగి, అయిదు నిమిషాలు నిలబడి మాట్లాడలేనివారు ఎందరో ఉన్నారు. మౌఖిక పరీక్షలోనో ఉద్యోగానికి జరిగే ముఖాముఖిలోనో గొంతు పెగలక, తెలిసిన విషయాన్నే తెలియనట్లు నిలబడిపోతారు. దానికి మందు ఖరీదైన శిక్షణ కేంద్రాలలోనే ఉన్నదని భ్రమపడతారు. బడిలో చదివినా, ఇంట చదివినా, ప్రతి విద్యార్థికీ ఒక ఇల్లు ఉంది, ఆ ఇంట వినే మనిషి ఒకరైనా ఉంటారు. తరగతిలో విన్న పాఠాన్ని రాత్రి భోజనాల వేళ అక్షరం రాని నాయనమ్మకు అర్థమయ్యేట్లు చెప్పగలిగితే, ఆ పాఠం విద్యార్థి సొంతమైనట్లే. అర్థం కాలేదని ఆమె అంటే, లోపం నాయనమ్మలో కాదు, చెప్పే తీరులోనే ఉండవచ్చు. ఇంతకంటె నిజమైన పరీక్ష మరొకటి లేదు. ఈ పరీక్షలో తప్పినా సంవత్సరం వృథా కాదు. మరునాడు మళ్లీ చెప్పవచ్చు.

వసారాలోని ఆ బాలిక మరునాడు చెంబుతో నీళ్లు తీసుకుని పెరటిలోకి వెళ్లింది. చీమల బారుకు అడ్డంగా కొద్దిగా నీరు పోసి కూర్చుంది. బారు తెగింది. చీమలు అటూ ఇటూ తిరిగాయి, కొన్ని వెనుదిరిగాయి. చాలాసేపటికి ఒకటి రెండు చీమలు తడి చుట్టూ తిరిగి అవతలికి చేరాయి. వాటి వెనుక మరికొన్ని నడిచాయి. సాయంకాలానికి తడి ఆవలి నుంచి కొత్త బారు ఏర్పడింది. ఆ రాత్రి ఆమె ప్రసంగం ముందునాటికంటె చిన్నది. అందులో పుస్తకం మాటలు తక్కువ. “వాన వస్తే పాత దారి పోతుంది అమ్మమ్మా! అవి మళ్లీ వెదుక్కుంటాయి” అని చెప్పి కూర్చుంది.

అమ్మమ్మ తల ఊపింది. మరొక ప్రశ్న కోసం ఆలోచించసాగింది.